మద్రాసు కూలి, మద్రాసు ఖర్చు

(శింగనమలలో వలస పోయే కుటుంబాలతో జరిగిన సమావేశంలో మన ఉపాధ్యాయ మిత్రుడొకరు సంఘం తరఫున చేసిన ప్రసంగం. మాట్లాడినది మాట్లాడినట్టే అచ్చు వేస్తున్నాం. – సం.)



ఈ మాటు సంక్రాంతి పోయినంక మన వాడల నుంచి పద్నాలుగు కుటుంబాలు మద్రాసుకు పోతాండాయి. మేస్త్రీ వచ్చి అడ్వాన్సు ఇచ్చిపోయినాడు. కొందరు తీసుకున్నారు, కొందరు ఇంకా ఆలోచన చేస్తాండారు. పోయిన వారం సంఘం కూర్చున్నప్పుడు దీని మీద మాలో మాకే తగువు వచ్చింది. "పోవద్దు, పోయి బాగుపడినోడు ఎవడూ లేడు" అని పెద్దవాళ్లు అన్నారు. పిల్లోళ్లు లేచి "ఇక్కడుండి ఏం తినాల? చెనిక్కాయ కట్టె తినాలా?" అని అడిగినారు. ఇద్దరి మాటా నిజమే. అందుకని మేము ఈ పొద్దు పోండి అని చెప్పడానికి రాలేదు, పోవద్దు అని చెప్పడానికీ రాలేదు. లెక్క చెప్పడానికి వచ్చినాము.

పోయిన ఎండాకాలం సెలవుల్లో సంఘం నుంచి ముగ్గురం గుత్తిలో రైలెక్కి మద్రాసు పోయినాం. 1996లో ఆ ఊరి పేరు చెన్నై అని మార్చినారు గానీ మన నోటికి మద్రాసే. తొమ్మిది దినాలు ఉన్నాం. పెరుంగుడి, తొరైపాక్కం, కన్నగి నగర్ పక్కల మనవాళ్లు ఉండే చోట్లకే పోయినాం. నోటు పుస్తకం చేతబట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, వచ్చేదెంత, పోయేదెంత అని అడిగి రాసుకున్నాం. మొదట ఎవరూ సరిగ్గా చెప్పలేదు. ఊరికి ఫోన్ చేసినప్పుడు "బాగుండాము, నెలకు ఇరవై ఎనిమిది వేలు వస్తాంది" అని చెప్పినోళ్లు మా ముందర ఖర్చు చెప్పడానికి సిగ్గుపడినారు. సిగ్గు వాళ్లది కాదు.

ఒక ఇంటి లెక్క చెప్తాం. పేరు వద్దు, మీలో చాలామందికి బంధువులే. మొగుడు పెండ్లాము, ఇద్దరు పిల్లలు. ఆయన సెంట్రింగు పనిలో దినానికి 800. నెలలో 22 దినాలు పని దొరికింది, 17,600 అయింది. ఆమె ఇటుకలు, ఇసుక మోసే పని. దినానికి 550, ఇరవై దినాలు చేసింది, 11,000. మొత్తం 28,600. ఇది మేస్త్రీ తన కమిషన్ పట్టుకున్నంక చేతికొచ్చింది. ఇక్కడ మన ఊర్లో ఉపాధి పనికి 2025-26కు దినానికి 307 రూపాయలు పెట్టినారు, అదీ పని పెడితేనే, కొలతలు సరిపోతేనే. కాబట్టి 28,600 అంటే నోరూరుతుంది. ఊరాల్సిందే.

ఇప్పుడు పోయేది వినండి. గది బాడుగ 5,500. రేకుల గది, కిటికీ లేదు, నలుగురు పడుకుంటే కాలు చాపడానికి చోటు లేదు. కరెంటు 700. తాగే నీళ్ల క్యాను ఒకటి 35 రూపాయలు, దినానికొకటి, నెలకు 1,050. గ్యాసు 880. బియ్యం 1,750. పప్పు, నూనె, కూరగాయలు, సబ్బు, పిల్లల పాలు అన్నీ కలిపి 5,500. ఆమెకు ఊరి బస్సు ఉచితం, ఆయనకు 660. రెండు ఫోన్లకు 600. పని కాడ టీ, టిఫిను ఇద్దరికీ కలిపి 2,640. డాక్టరు, మందులు 1,000. మేస్త్రీ ఇచ్చిన 40,000 అడ్వాన్సులో నెలకు 5,000 కోత. ఇంకొకటుంది. ఆయన చెప్పలేదు, ఆమె చెప్పింది. నెలకు 3,000 సారాయి అంగడికి. ఇది దాచితే లెక్క లెక్క కాదు కాబట్టి చెప్తాండాము. అన్నీ కూడితే 28,280.

మిగిలింది 320 రూపాయలు.

"ఆ సారాయి మానుకుంటే 3,320 మిగులుతుంది గదా సార్" అని ఎవరో అంటాండారు. మిగులుతుంది. మానుకోమనే మేమూ చెప్తాం. అయితే ఒక నెలలో ఆరు దినాలు వాన కొట్టి పని ఆగిపోతే ఆ 3,320 కూడా పాయె. మద్రాసులో వాన కార్తీకంలో, మార్గశిరంలో పడుతుంది. అప్పుడు సైటు నిలబడిపోతుంది, బాడుగ మాత్రం నిలబడదు.

ఆ ఊర్లో పెద్ద పెద్ద జీతాలోళ్లు కూడా ఖర్చులెక్కువ అని మొత్తుకుంటారు. మేమూ విన్నాం. అయితే మేము తొమ్మిది దినాల్లో కనిపెట్టింది ఏమంటే, అదే ఊర్లో అదే సరుకుకు బీదోడు ఉన్నోడి కంటే ఎక్కువ ధర ఇస్తాడు. గ్యాసు చూడండి. కనెక్షన్ ఉన్నోళ్లకు 14.2 కిలోల బండ కిలో అరవై, అరవై అయిదు రూపాయల లెక్కన పడుతుంది. మనవాళ్లకు అడ్రసు కాగితం లేదు, కనెక్షన్ రాదు. చిన్న బండలో అంగట్లో కిలో 110కి నింపించుకుంటాండారు. కరెంటు చూడండి. తమిళనాడు ప్రభుత్వం 2016 నుంచి ఇంటింటికీ రెండు నెలలకు 100 యూనిట్లు ఉచితం అంటుంది. ఆ ఉచితం ఇంటాయనకు. ఆయన ఒక్క మీటరు కింద ఆరు గదులు కట్టి, మనవాళ్ల దగ్గర యూనిట్‌కు ఎనిమిది రూపాయలు వసూలు చేస్తాడు. బియ్యం చూడండి. అక్కడి కార్డుదారులకు 2011 నుంచి ఉచిత బియ్యం. మనవాళ్ల కార్డు ఊర్లో పెట్టెలో ఉంటుంది. వాళ్లు అంగట్లో కిలో యాభైకి కొంటాండారు. పేదోడి కడుపుకు 2013లో పెట్టిన అమ్మ క్యాంటీన్లు ఒకటి కొంచెం ఆదుకున్నాయి. రూపాయికి ఇడ్లీ, అయిదు రూపాయలకు సాంబారన్నం. అయితే అవి మన సైట్లకు దగ్గరుండవు. పోయొచ్చే లోపల పని టైం అయిపోతుంది.

బాడుగ సంగతి కొంచెం ఎక్కువ చెప్పాల్సి ఉంది. ఇది దుడ్ల సంగతి ఒక్కటే కాదు.

మద్రాసులో ముందు నుంచీ ఒక రివాజు ఉంది. ఇల్లు కావాలంటే పది నెలల బాడుగ అడ్వాన్సు కట్టాల. 2017లో చట్టం చేసి, 2019 నుంచి అమల్లోకి తెచ్చి, వేరే ఒప్పందం లేకపోతే మూడు నెలలకు మించగూడదు అన్నారు. ఆ "వేరే ఒప్పందం" అనే మాట ఇంటాయన జేబులో ఉంటుంది. మనవాళ్లకు పది నెలలది ఏడనుంచి వస్తుంది? మేస్త్రీనే అడగాల. అందుకే మేస్త్రీ చూపించిన గదిలోనే ఉండాల, మేస్త్రీ చెప్పిన సైటుకే పోవాల. మన ఊర్లో జీతగానికి ఆసామి అప్పు ఎట్లనో, ఇది అట్లనే.

మేము ఒక పొద్దు మన పిల్లోడొకనితో కలిసి గది వెతకడానికి పోయినాం. డిగ్రీ పాసయినాడు, కొరియర్ల పని చేస్తాండాడు, మేస్త్రీ గది వద్దనుకున్నాడు. ఒక ఇంటి ముందర "టు లెట్" బోర్డు ఉంది. ఆయమ్మ బయటికి వచ్చింది. తెలుగామే. మన మాట విని సంతోషపడింది. "అనంతపురమా? మాదీ ఆ పక్కనే" అంది. గది చూపించింది, మంచినీళ్లిచ్చింది. తర్వాత నిదానంగా "నాయుళ్లా, రెడ్లా?" అని అడిగింది. పిల్లోడు నిజం చెప్పినాడు. ఆయమ్మ కోప్పడలేదు, తిట్టలేదు. "మా ఆయన్ని అడిగి ఫోన్ చేస్తా నాయనా" అంది. ఆ ఫోను ఇంకా రాలేదు. మధ్యాహ్నం ఇంకో ఇంటికాడ "మాంసం వండుకుంటారా?" అని అడిగినారు. కులం అడగడానికి అది వేరే దావ. పిల్లోడు చివరికి సైటుకు పది మైళ్ల దూరంలో గది తీసుకున్నాడు. పెట్రోలు ఖర్చు కులం ఖాతాలో రాసుకోవాల, ఇంకే ఖాతాలో రాస్తాం?

బాబాసాహెబ్‌కు జరిగింది మీకు తెలుసు. 1917లో అమెరికా, ఇంగ్లండు చదువులు చదివి బరోడా రాజుగారి కొలువుకు వచ్చినాడు. బరోడాలో ఆయనకు ఉండటానికి ఇల్లు దొరకలేదు. కులం దాచుకుని పార్సీల సత్రంలో దిగితే, పదకొండో దినం కట్టెలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టినారు. హిందూ స్నేహితుడు, క్రైస్తవ స్నేహితుడు, ఇద్దరూ చోటు లేదన్నారు. రాత్రి రైలు దాకా ఊరి తోటలో చెట్టు కింద కూర్చుని ఏడ్చుకుని బొంబాయికి తిరిగి పోయినాడు. ఆ తోట పేరు కామాటీ బాగ్. కామాటి అంటే తెలుగు కూలోళ్లను బొంబాయిలో పిలిచే పేరు. బొంబాయి కామాటిపురకు ఆ పేరు వచ్చింది, రాళ్లెత్తి ఆ ఊరు కట్టిన మన తెలుగోళ్ల వల్లనే. ఆ బొంబాయిలో కూడా బాబాసాహెబ్ ఏండ్ల తరబడి పరేల్‌లో కూలోళ్లుండే ట్రస్టు చాలులోనే కాపురం చేసినాడు. అక్కడుండే చదివినాడు, అక్కడుండే ఉద్యమం నడిపినాడు.

అదే బాబాసాహెబ్ 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో నిలబడి, పల్లెలను పొగిడేవాళ్లను కడిగేసినాడు. పల్లె వదలండి అని మనకు చెప్పింది ఆయనే. మన పిల్లోళ్లు మొన్న సంఘంలో ఆ మాటే ఎత్తినారు. "సార్, మద్రాసులో ఎవడూ మమ్మల్ని ఒరేయ్ అని పిలవడు. హోటల్లో అందరి గ్లాసులోనే తాగుతాం. అది లెక్కలో వేసినారా?" అని అడిగినారు. వేయలేదు. అది రూపాయల్లోకి రాదు. వాళ్లు చెప్పింది నిజం. అందుకే పోవద్దు అనే మాట మా నోటికి రాదు.

ఇంక నీళ్లు. ఈ సంగతి ఆడోళ్లు బాగా వినాల.

మనది కరువు సీమ. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగ్గా పడదు. మన చెరువు నిండిన ఏడు పండగ. అట్లాంటి మన రాయలసీమ మీదుగానే మద్రాసుకు తాగునీళ్లు పోతాయి. 1976లో ఆంధ్ర, కర్ణాటక, మహారాష్ట్ర తలా 5 టీఎంసీల కృష్ణ నీళ్లు మద్రాసుకు ఇస్తామని ఒప్పుకున్నాయి. 1983లో తెలుగు గంగ ఒప్పందం అయింది. శ్రీశైలం నుంచి వెలుగోడు, బ్రహ్మంగారి మఠం, సోమశిల, కండలేరు మీదుగా కాలువ తవ్వినారు. 1996లో నీళ్లు పూండి చెరువు చేరినాయి. దాహానికి నీళ్లిస్తే మాకు బాధ లేదు. ఎవరికైనా ఇయ్యాల్సిందే. మేము అడిగేది ఒకటే. మన సీమ దాటి పోయిన ఆ నీళ్లు ఆ ఊర్లో మన ఆడబిడ్డల బిందెలోకి ఎందుకు రాలేదు?

మనవాళ్లుండే సందుల్లో కొళాయి లేదు. బోరు నీళ్లు ఉప్పు. సముద్రం దగ్గర గదా, తోడేకొద్దీ ఉప్పే. గిన్నెలు కడగడానికి తప్ప పనికి రావు. ట్యాంకరు వచ్చే దినం తెల్లవారుజామున నాలుగింటికే రంగురంగుల ప్లాస్టిక్ బిందెలు వరసన పెట్టుకుని కూర్చుంటారు. ట్యాంకరు కోసం కూర్చుంటే ఆ పొద్దు కూలి పోతుంది. కూలికి పోతే నీళ్లు పోతాయి. ఒక అక్క మాతో చెప్పింది, "ఊర్లో నీళ్లకు మైలు నడిచినాను సార్. ఈడ నడవడం లేదు, కొంటాండాను" అని. 2019లో మద్రాసు చెరువులు ఎండిపోయి, జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెచ్చినారు. అప్పుడు పెద్ద ఇండ్లవాళ్ల కష్టం పేపర్లలో నిండా వచ్చింది. మన సందుల్లో ఏడేడూ ఎండాకాలం అంతే.

మరుగుదొడ్డి ఆరు గదులకు ఒకటి. ఆడోళ్లు తెల్లారక ముందే లేస్తారు. ఇది కూడా ఖర్చే. నిద్ర ఖర్చు.

కన్నగి నగర్ చూడ్డానికి పోయింది ఎందుకంటే, మద్రాసులోనే పుట్టి పెరిగిన మనలాంటోళ్ల గతి ఏమైందో చూద్దామని. 2000 సంవత్సరం నుంచి కాలువ గట్లమీద, ఊరి నడుమ ఉన్న వాడల నుంచి ఖాళీ చేయించిన కుటుంబాలను ఊరికి ఇరవై కిలోమీటర్ల అవతల ఆ కాలనీకి తోలినారు. వేలకు వేల కుటుంబాలు. మొదట కట్టిన ఇండ్లు 195 చదరపు అడుగులు. తర్వాత సెమ్మంచేరి, పెరుంబాక్కం అని ఇంకా కట్టినారు. 2015 డిసెంబరు వరదల తర్వాత అడయారు, కూవం గట్ల నుంచి ఇంకా మందిని తెచ్చినారు. వాళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లు కూడా ఉండారు. తాతల కాలంలో పాకీ పనికి, ఊడ్చే పనికి ఆంధ్ర నుంచి పోయినోళ్ల బిడ్డలు. ఇల్లు వచ్చింది, సంతోషం. పని మాత్రం పాత ఊర్లోనే ఉంది. తెల్లవారి ఆరింటికి ఊడ్చే పనికి పోవాలంటే నాలుగున్నరకు బస్సు ఎక్కాల. ఇండ్లల్లో పాచిపని చేసే ఆడోళ్లు చాలామంది పని వదులుకున్నారు. 2021 నుంచి ఆడోళ్లకు ఊరి బస్సు ఉచితం అయినంక కొంచెం ఊపిరి ఆడింది అన్నారు. అది ఒప్పుకోవాల.

2025 ఆగస్టులో ఆ ఊర్లోనే పారిశుద్ధ్య కార్మికులు కార్పొరేషన్ ఆఫీసు రిప్పన్ బిల్డింగు ముందర పదమూడు దినాలు కూర్చున్నారు. రెండు జోన్ల పనిని ప్రైవేటు కాంట్రాక్టుకు ఇస్తే, నెలకు దాదాపు 23 వేలు వచ్చే చోట 17 వేల లోపుకు పడిపోతామని వాళ్ల ఏడుపు. హైకోర్టు ఆర్డరు చూపించి 13వ తేదీ అర్ధరాత్రి పోలీసులు ఈడ్చేసినారు. వాళ్లలో ఎక్కువమంది ఆడోళ్లు, ఎక్కువమంది మన కులాలోళ్లు. ఇందాక చెప్పిన ఇంటి లెక్కలో నుంచి ఆరు వేలు తీసేసి చూసుకోండి. దేన్ని కొట్టేస్తారు? బాడుగనా, బియ్యమా?

చట్టాల సంగతి. 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. కాంట్రాక్టరు పాసు పుస్తకం ఇయ్యాల, దారి ఖర్చు ఇయ్యాల, ఉండటానికి చోటు ఇయ్యాల, ఊరు విడిచి వచ్చినందుకు నెల కూలిలో సగం అదనంగా ఇయ్యాల అని రాసినారు. మన ఊర్లో ఆ సగం అందుకున్నోడు ఉంటే చెయ్యెత్తండి. ఒక్క చెయ్యీ లేదు. ఇప్పుడు ఆ చట్టమే లేదు. 2020లో చేసిన కొత్త కోడ్‌లో దాన్ని కలిపేసి, 2025 నవంబరు 21 నుంచి అమలు పెట్టినారు. అందులో ఆ సగం కూలి మాట తీసేసినారు. అయిదుమంది ఉంటే వర్తించే చట్టం పదిమందికి మారింది. దారి ఖర్చు మాట మాత్రం మిగిలింది. అది అడగండి.

ఇంకో దెబ్బ ఉంది. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకాన్ని ఏడ మొదలు పెట్టినారు? మన నియోజకవర్గంలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ వచ్చినారు. మనవాళ్లు చానామంది ఆ మీటింగుకు పోయినారు. వలస ఆపడానికే ఈ పథకం అని మైకులో చెప్పినారు. ఆ పని జరిగిన ఏండ్లలో వలస కొంచెం తగ్గింది కూడా, అది మన కండ్లతో చూసినాం. 2025 డిసెంబరులో పార్లమెంటు దాని స్థానంలో కొత్త చట్టం చేసింది. నూరు దినాలు కాదు, 125 అంటాండారు. అయితే ఖర్చులో నూటికి నలభై రాష్ట్రం పెట్టుకోవాలంట. సేద్యం కాలంలో అరవై దినాలు పని ఆపొచ్చంట. మన రాష్ట్రం ఆ నలభై పెడుతుందా? పెట్టకపోతే పని ఏడిది? బండ్లపల్లి మనకు అంత దగ్గరుంది గాబట్టి ఈ ప్రశ్న అడగడానికి మనకు హక్కు కూడా ఎక్కువుంది.

చివరికి పిల్లల సంగతి. మేము అయ్యవార్లం గాబట్టి ఇది చెప్పకుండా దిగిపోము. సంక్రాంతి తర్వాత హాజరు పట్టీ తెరిస్తే మన వాడల పిల్లల పేర్లకు ఎదురుగా ఆబ్సెంటు గుర్తులే. మద్రాసులో ఆ పిల్లలను చూసినాం. సైటు ఇసుక కుప్ప మీద తమ్ముణ్ణి ఆడించుకుంటా ఒక పాప కనిపించింది. మన బడిలో నాలుగో తరగతి. ఎక్కాలు చెప్పమంటే పన్నెండో ఎక్కం దాకా చెప్పింది. అక్కడి బడిలో తమిళం, ఈ పాపకు రాదు. "సముద్రం చూసినావా మ్మా?" అని అడిగితే లేదు అంది. ఆరు నెలలుగా ఆ ఊర్లో ఉంది. సముద్రం పది కిలోమీటర్లు కూడా లేదు. నాయనకు ఆదివారం కూడా పని, లేకపోతే నిద్ర. ఆ సాయంత్రం మేమే తీసుకుపోయి చూపించినాం. అలల్లో నిలబడి, "ఇన్ని నీళ్లుండి క్యాను ఎందుకు కొంటాం సార్?" అని అడిగింది.

పిల్లలను ఇక్కడ వదిలి పోండి. సంక్షేమ హాస్టలు ఉంది. వలస పిల్లల కోసం సీజనల్ హాస్టలు పెట్టమని ఎమ్మార్వోకు, ఎంఈఓకు అర్జీ రాసి పెట్టినాం. మీ వేలిముద్రలు, సంతకాలు కావాల. అవ్వ, తాత ఉన్న ఇండ్లవాళ్లు అవ్వ దగ్గరే పెట్టండి, ఆ పిల్లల బడి సంగతి మేము చూసుకుంటాం.

పోయేవాళ్లు రేషను కార్డు నకలు, ఆధారు, బ్యాంకు పుస్తకం తీసుకుపోండి. 2020 అక్టోబరు నుంచి మన కార్డు మీద తమిళనాడులో బియ్యం తీసుకోవచ్చు, తలకు అయిదు కిలోలు. ఆహార భద్రత చట్టం కింద ఉన్న కార్డు అయి ఉండాల. అది ఏ కార్డో మేము చూసి చెప్తాం. బియ్యానికి పోయే ఆ 1,750లో సగం పైన మిగులుతుంది. తొంభై దినాలు పని చేసినంక అక్కడి భవన కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు రాయించుకోండి. మేస్త్రీ కమిషన్ ఎంత పట్టినాడో దినదినమూ రాసుకోండి. చదువు రానోళ్లు గోడ మీద గీత గీసినా సరే.

అడ్వాన్సు తీసుకున్న పద్నాలుగు కుటుంబాలూ ఆదివారం సాయంత్రం దీపాలు పెట్టే వేళకు అంబేద్కర్ బొమ్మ కాడికి రండి. మేస్త్రీ సంతకం చేయించుకున్న కాగితాలు తెచ్చుకోండి. అందులో ఏం రాసుందో అందరి ముందర గట్టిగా చదువుతాం. మేస్త్రీని కూడా రమ్మని కబురు పంపినాం. మొగుడొక్కడే రావడం కాదు, ఆడోళ్లు కూడా రావాల. ఇంటి లెక్క తెలిసింది వాళ్లకే.

జై భీమ్.